కళ్ళంలో ముగ్గు

మా అపార్టుమెంటు మెట్లు కడగడానికి వచ్చే అమ్మాయి వారానికొక రోజు బకెట్టు నీళ్ళలో ఫినాయిలు కలుపుతుంది. ఆ వాసన కింది నుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కి మా తలుపు సందులోంచి లోపలికి వస్తుంది. మా ఆవిడకు అది శుభ్రమైన వాసన. నేను మాత్రం చేతిలో పేపరు పక్కన పెట్టేస్తాను. యాభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నాకు ముందు కనిపించేది ఒక తాటాకు పాక, దాని గుమ్మం ముందు పాలలా తెల్లగా పారి ఎండకు ఆరిపోతున్న ఒక గీత. ఆ గీతకు ఇవతల పంతొమ్మిదేళ్ళ నేను. అవతల మా ఊరు, మా ఇల్లు, నా వాళ్ళందరూ. ఆ వెంటనే, ఆ గీతను ఒక్కనాడైనా ఖాతరు చేయకుండా కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాటి వచ్చిన మనిషి కనిపిస్తుంది. ఆమె పేరు అప్పలనరసమ్మ. నేను నరసమ్మత్త అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, మా కళ్ళానికి పొరుగు మనిషి. ఆమె ఫొటో ఒక్కటి కూడా ఎక్కడా లేదు. అందుకే రాస్తున్నాను.

అవి అరవయ్యవ దశకం చివరి రోజులు. నరసన్నపేటకు దగ్గరలో వరి తప్ప వేరే ధ్యాస లేని ఊరు మాది. నేను శ్రీకాకుళంలో పి.యు.సి. పూర్తిచేసి, టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుని, సెలవుల్లో సాయంత్రాలు చెడుగుడు ఆడుతూ ఉండగా దగ్గు పట్టుకుంది. మొదట పడిశమన్నారు. ఒకరోజు ఆట మధ్యలో తువ్వాలుకు నెత్తురు అంటింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని జబ్బు పేరు చెప్పినప్పుడు, మా నాన్న ఆయన్ని కాస్త మెల్లగా మాట్లాడమని బతిమాలుకున్నాడు. కొన్నాళ్ళు ఇంజక్షన్లు, ఆ తర్వాత ఏడాదికి పైగా మాత్రలు, దగ్గినప్పుడు నోటికి గుడ్డ, గాలీ వెలుతురూ ఉన్న చోట వేరే పడక, మంచి తిండి. ఇవీ ఆయన చెప్పినవి. మా నాన్న చెవికి వాటిలో ఎక్కింది ‘వేరే’ అన్న ఒక్క మాటే.

మా నాన్న చెడ్డవాడు కాదు. భయపడిన మనిషి. జబ్బు సంగతి బయటికి పొక్కితే మా పొలంలోకి కూలీలు రారని, చెల్లెలికి కుదిరేలా ఉన్న సంబంధం తప్పిపోతుందని ఆయన భయం. అందుకని నేను కొత్తవలస దగ్గర రైల్వే పనిలో చేరానని ఊళ్ళో చెప్పాడు. నన్ను మాత్రం ఊరవతల, కాలువ గట్టు దాటాక ఉన్న మా కళ్ళంలో పెట్టాడు. పంట నూర్చే రోజుల్లో తప్ప అటు ఎవరూ రారు. కావలికి వేసుకున్న పాక ఒకటి అక్కడ ఉండేది. తెల్లవారకముందే నాన్న వచ్చి గుమ్మం ముందు ఫినాయిలు పోసి వెళ్ళేవాడు. అమ్మ రెండు పూటలా కంచం తెచ్చి గీతకు అవతల రాతి మీద పెట్టేది. పెట్టి, నా వైపు చూడకుండా తిరిగి నడిచేది. చూస్తే ఏడుపు వస్తుందని చూసేది కాదని చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. అప్పుడు నాకు అది తెలియదు. నాకు కనిపించింది ఆమె వీపు ఒక్కటే.

కంపౌండరు వచ్చి ఇంజక్షను ఇచ్చి వెళ్ళిన రోజుల్లో కనీసం ఒక మనిషి చేయి నా ఒంటికి తగిలేది. ఇంజక్షన్లు అయిపోయాక అదీ లేదు. పడుకుంటే తాటాకులు, లేస్తే ఎండిన కళ్ళం. నా గొంతు నాకే కొత్తగా ఉండేది. మాత్రలు మింగడం మానేసి పాక వెనక తుమ్మచెట్టు మొదట్లో పారేయడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం కళ్ళం మూలనున్న నూతి అంచున నిలబడి చాలాసేపు కిందికి చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడటానికి వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. వెనక నుంచి గరుకు గొంతు ఒకటి వినిపించింది.

“ఒరే సింవాచలం, ఎలాగూ నిలబడ్డావు కదా. ఓ కడవ నీల్లు తోడిపెట్టు. నా నడుం ఈయేల వంగడం నేదు.”

అదే మొదటిసారి ఆమె నాతో మాట్లాడటం. నేనక్కడ ఉన్నానని ఆమెకు ఎన్నాళ్ళుగా తెలుసో నాకు తెలియదు. కళ్ళం చివరనే ఆమె గుడిసె. ఒంటరి మనిషి. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. మొహం నిండా అమ్మవారి మచ్చలు, ఎడమ కంట్లో తెల్లటి పువ్వు. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది, మాటతో పాటు పొగ కూడా బయటికి వచ్చేది. ఊడ్పులకీ కోతలకీ పనికి వెళ్ళేది, మిగతా రోజుల్లో బొంతలు కుట్టేది. ఊళ్ళో ఆమెతో తగువు పడని ఇల్లు లేదు. నేను చేద వేశాను. చేతుల్లో సత్తువ లేదు, సగం తోడేసరికి ఊపిరి అందలేదు. ఆమె సాయం చేయలేదు. కడవ నిండేదాకా గట్టు మీద కూర్చుని, నిండాక తనే అవలీలగా చంకకెత్తుకుని, రేపు కూడా తోడాలని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె నడుముకు ఏ నొప్పీ లేదు. నేనక్కడ ఎందుకు నిలబడ్డానో ఆమెకు తెలుసని నాకు తెలుసు. ఆ మాట మాత్రం ఆమె బతికుండగా ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మర్నాడు నీళ్ళు తోడాక నా వెనకే వచ్చి, గీత దాటి పాకలోకి అడుగుపెట్టి, నులకమంచం పక్కన చతికిలబడింది. నేను వెనక్కి జరిగాను. దగ్గరికి రావద్దని, అంటుకుంటుందని చెప్పాను. ఆమెకు విసుగొచ్చింది.

“నాను కంపోండర్ని అడిగినాను. దగ్గితే మూతికి గుడ్డ అడ్డెట్టుకోమన్నాడు. ఉమ్మి బూడిద డబ్బాలో ఎయ్యమన్నాడు. మందు మింగమన్నాడు. మనిసిని పాతిపెట్టీమని ఆడెక్కడా సెప్పనేదు.”

ఆమెది తెలియనితనం అనుకునేవాళ్ళకు ఈ మాట చెప్పాలి. జబ్బు విషయంలో ఆమె డాక్టరు కంటే కఠినంగా ఉండేది. బూడిద డబ్బా తనే తెచ్చింది, నోటికి కట్టుకునే గుడ్డలు ఉడకబెట్టి ఆరేసేది. తుమ్మచెట్టు కింద మాత్రలు చూసిన రోజున చెయ్యెత్తి కొట్టినంత పని చేసింది. ఆ రోజు నుంచి ఆమె కళ్ళ ముందే మింగాలి, మింగి నోరు తెరిచి చూపించాలి. చుట్ట తాగాలనిపిస్తే మాత్రం లేచి కళ్ళం అవతలి గట్టుకు వెళ్ళిపోయేది. ఆమె లెక్క చేయనిది జబ్బును కాదు, జబ్బు పేరుతో ఊరు గీసిన గీతను.

తర్వాత కుట్టు సూది వచ్చింది. ఒకరోజు అమ్మ కంచం పెట్టి వెనుదిరుగుతుంటే నరసమ్మత్త ఆపి, ఇంట్లో పాత చీరలుంటే ఇమ్మని అడిగింది. మూటలో వచ్చిన చీరలు విప్పగానే పసుపూ పొయ్యి పొగా కలిసిన వాసన పాకంతా నిండింది. నా మీద చెయ్యి వేయడానికి వీల్లేని మా అమ్మ చీర నా ఒళ్ళోకి వచ్చింది. దాన్ని పరిచి, మీద ఇంకొకటి పరిచి, అంచులు మడిచి, దబ్బనంలాంటి సూదిలో దారం ఎక్కించి నా చేతికిచ్చింది. మగవాణ్ణి, పైగా చదువుకున్నవాణ్ణి, బొంత కుట్టడమేమిటని నాకు పౌరుషం వచ్చింది. చేతికి ఆడా మగా ఏమిటని ఆమె అడిగింది. నేను కుట్టిన మొదటి వరస పాము పాకినట్టు ఉంది. ఆమె పడీపడీ నవ్వింది, విప్పమనలేదు. ఆ వంకర వరస పక్కనే ఇంకో వరస వేయమంది. కుట్టేటప్పుడు రేపటి గురించి ఆలోచన రాదని కొన్నాళ్ళకు గమనించాను. సూది పైకి వచ్చేటప్పుడు ఊపిరి లోపలికి, కిందికి దిగేటప్పుడు బయటికి. మధ్యాహ్నాలు నన్ను తినేసేవి. ఇప్పుడు మధ్యాహ్నాలు చాలడం లేదు.

ఆమె దగ్గర మెత్తటి మాటలు ఉండేవి కావు. పాక నేల మీద బొగ్గుతో గడులు గీసి పులిజూదం ఆడేవాళ్ళం. చింతపిక్కలు మేకలు, గులకరాళ్ళు పులులు. ఆటలో ఘోరంగా మోసం చేసేది. నేను దగ్గుతూ తల తిప్పితే ఒక మేక మాయమయ్యేది. పట్టుకుంటే ఒప్పుకునేది కాదు. రోగిష్టివాడని గెలవనివ్వాలన్న ఊహ ఆమెకు ఏనాడూ రాలేదు. ఒకసారి నాకు కోపం వచ్చి పిక్కలన్నీ విసిరేశాను. ఆమె వాటిని ఏరుకుంటూ, చాలా తృప్తిగా, ఇప్పుడు నీ మొహం మనిషి మొహంలా ఉందని అంది. ఆ రోజే తన సంగతి చెప్పింది. చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు ఆమెను కూడా ఊరి చివర ఒక పాకలో పడేశారట. తల్లి దూరం నుంచి గంజి పెట్టి వెళ్ళేదట. ఒకరోజు బయట మేనమామ గొంతు వినిపించింది.

“‘ఇంకెన్నాల్లులే, రేపో మాపో పోతాది’ అంటన్నాడు. నాను లోపల ఇంటన్నాను. ఏడుపు రానేదురా. కోపం వచ్చినాది. గోడంతా గోరుతో పిట్టల్ని గీసినాను, ఏలు నొప్పెట్టిందాకా. నాను బయటికొచ్చినాక ఆ పాక తగలెట్టీసారు. పిట్టలు పోనాయి. నాను ఉన్నాను.”

ఆ మచ్చల మొహాన్నీ పువ్వేసిన కంటినీ చూసి పెళ్ళికి ఎవరూ రాలేదని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ వెతికాను. దొరకలేదు. ఉంటే ఉండి ఉండవచ్చు, నాకు చూపించలేదు.

ముగ్గు సంగతి శ్రావణంలో మొదలైంది. ఒక ఉదయం పేడనీళ్ళతో వచ్చి ఫినాయిలు గీత మీదే కళ్ళాపి చల్లింది. ముగ్గు లేని గుమ్మం ఎలాంటి ఇంటిదని నన్ను అడిగింది. చావు వచ్చిన ఇంటిదని చెప్పాను.

“మరి నువ్ సచ్చావేటి?”

ఆమె చుక్కలు పెట్టింది, నేను గుమ్మంలో కూర్చుని చూశాను. నాలుగు రోజులయ్యాక తనకు ఊడ్పుల పని ఉందని, ఇక నువ్వే వేసుకోవాలని పిండి డబ్బా నా దగ్గర పడేసి పోయింది. అలా నేను ముగ్గు నేర్చుకున్నాను. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని వదలాలి. ఊపిరి బిగబడితే గీత తెగుతుంది, మెల్లగా వదిలితే సాగుతుంది. గీత వణికిన రోజు నా మనసు బాగాలేదని సాయంత్రం పని నుంచి వస్తూనే ఆమెకు తెలిసిపోయేది. అడిగేది కాదు. మర్నాటికి ఇంకా కష్టమైన మెలికల ముగ్గు చూపించి పోయేది. చుక్కల మధ్య దారి తప్పకుండా తిరిగి మొదటి చుక్కకు చేరుకునే ఆ కాసేపూ నాకు జబ్బు లేదు, ఊరు లేదు, భయం లేదు.

నాన్న కంటపడక తప్పదు కదా. పాక ఖాళీగా ఉందని ఊరు అనుకోవాలి. వాకిట్లో ముగ్గుంటే లోపల మనిషి ఉన్నట్టే. చూసిన రోజున కాలితో తుడిచేసి, నేరుగా నరసమ్మత్త గుడిసెకు వెళ్ళాడు. తన కొంప ముంచవద్దని, పాకలో ఎవరూ లేరని అందరికీ చెప్పుకున్నానని అన్నాడు. ఆమె బొంత మీద నుంచి తల ఎత్తలేదు.

“ఉన్నోణ్ణి నేడని నువ్వను, అన్నా. నాననను.”

అక్కడి నుంచి అది మాకూ నాన్నకూ మధ్య యుద్ధమైంది. ఆయన వచ్చి తుడిచి వెళ్ళేవాడు, ఆయన కాలువ గట్టు దాటగానే నేను మళ్ళీ వేసేవాణ్ణి. ఒక రోజు పార తెచ్చి నేల చెక్కేశాడు. నేను చెక్కిన నేలను అలికి, ఆరాక వేశాను. ఆయన ఎప్పుడూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చిత్రమేమిటంటే ఆ రోజుల్లోనే నాకు ఆకలి తిరిగి వచ్చింది. కంచం ఖాళీగా వెనక్కి వెళ్తోందని అమ్మ అన్నం పెంచింది. కోపం నన్ను పొద్దున్నే లేపేది, ముగ్గు దాన్ని చల్లార్చేది. తుడిచేసేవాడు ఒకడు ఉన్నాడంటే, నేను చేసేదేదో కంటికి కనిపిస్తున్నట్టే కదా అనిపించేది.

కోతలు దగ్గరపడ్డాయి. కుప్పలు వేయడానికి కూలీలు కళ్ళంలోకి వస్తారు. ఒక సాయంత్రం అమ్మ కంచం రాతి మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. నన్ను మర్నాడే బండి మీద సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఒక పాకకు మార్చాలని నాన్న నిశ్చయించాడని చెప్పింది. అక్కడ పొరుగు లేదు. తిండి వండుకోవాలి, లేదా ఎవరైనా వారానికి రెండుసార్లు తెచ్చిపెట్టాలి. ఆమె వెళ్ళిపోయాక నేను నరసమ్మత్త దగ్గరికి పరుగు లాంటి నడకతో వెళ్ళి, నాన్నకు చెప్పమని అడిగాను. ఆమె చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

“నాను సెప్పను. నా నోరు ఊరందరికీ తెలుసు, ఎవలూ లెక్కెయ్యరు. నీ నోరు ఇంకా ఎవలూ ఇన్నేదు.”

ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నన్ను వదిలేసిందనుకున్నాను.

మర్నాడు వెలుగు రాగానే కళ్ళంలోకి దిగాను. గుమ్మం ముందు కాదు, కళ్ళం నడుమ, బండి దారికి అడ్డంగా కళ్ళాపి చల్లాను. అంత పెద్ద ముగ్గు నేనెప్పుడూ వేయలేదు. సగం అయ్యేసరికి నాన్న బండి గట్టు దిగి వచ్చింది. గట్టు మీద కొడవళ్ళతో కోతకు వెళ్తున్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉన్నారు. నేను పాకలోకి పోలేదు. వంగే ఉన్నాను, గీస్తూనే ఉన్నాను. నరసమ్మత్త తన గుడిసె ముందు కూర్చుని ఉంది, నోట్లో చుట్ట. గట్టు మీద ఎవరో ఆగి, ఆడు సింహాచలం కాదేటి, కొత్తవలస ఎల్లాడన్నారే అని పక్కవాళ్ళతో అనడం నాకు స్పష్టంగా వినిపించింది. నాన్నకూ వినిపించింది. ఆయన ఎద్దులను ఆపి, నా మొహం చూడకుండా, బండి ఎక్కమన్నాడు.

నేను నడుము ఎత్తి నిలబడ్డాను. నోటికి గుడ్డ కట్టుకుని ఉన్నాను కాబట్టి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

“నానెక్కడికీ రాను నాయినా. జబ్బు సేసినాది, మందు మింగుతన్నాను, తగ్గుతన్నాది. ఈ ఏడాది కుప్పలు నా కల్ల ముందే ఎయ్యండి.”

గట్టు మీద అందరూ నిలబడిపోయారు. నాన్న చేతిలో ములుకర్ర ఉంది. ఒక్కసారి ఎద్దులను అదిలిస్తే బండి ముగ్గు మీదుగా నా దగ్గరికి వచ్చేస్తుంది. ఆయన నేల వైపు చూశాడు. తుడిచిన కాలే ఆయనది, చెక్కిన పారే ఆయనది, కానీ అప్పుడు అవన్నీ ఎవరూ చూడకుండా చేసినవి. ఆఖరుకు పగ్గాలు లాగి, ఎద్దులను ముగ్గు అంచు నుంచి పక్కకు తిప్పి, ఖాళీ బండితో వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అంతా సుఖంగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఏడాది కూలీల్లో చాలామంది మా కోతకు రాలేదు. మా వాళ్ళే రోజుల తరబడి వంగి కోసుకున్నారు. చెల్లెలి సంబంధం తప్పిపోయింది, ఇంకొకటి రావడానికి రెండేళ్ళు పట్టింది. చెల్లెలు నన్ను ఎన్నడూ తప్పుపట్టలేదు, కానీ ఆ రెండేళ్ళూ ఆమె మొహం నాకు గుర్తుంది. నాన్న నరసమ్మత్తతో పలకడం మానేశాడు. అయితే కుప్పలు కళ్ళంలో పాకకు దూరంగా వేశారు, నేను చూస్తుండగానే వేశారు. వచ్చిన కొద్దిమందిలో ఒక ముసలాయన రోజూ పని దిగాక గట్టు మీద నుంచే నా తిండి గురించి, నిద్ర గురించి అడిగి వెళ్ళేవాడు. అమ్మ కంచం రాతి మీద పెట్టడం మానేసి గుమ్మం దాకా తెచ్చింది. ఫినాయిలు సీసా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మరుసటి ఏడాది డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి ఇంటికి వెళ్ళి అందరితో కలిసి భోంచేయమన్నాడు. ట్రైనింగులో చేరాను, టీచరునయ్యాను, గజపతినగరం దగ్గర పనిచేశాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ముందు కళ్ళం వైపు వెళ్ళేవాణ్ణి. కొన్నేళ్ళకు నరసమ్మత్త మంచాన పడిందని, ఆమె అన్న కొడుకు ఇంటి అరుగు మీద పడుకోబెట్టారని కబురొచ్చింది. వెళ్ళేసరికి వాళ్ళు దూరంగా నిలబడి, ఇవాళో రేపో అని మెల్లగా అన్నారు. మెల్లగా అన్నా ఆమెకు వినిపించింది. నేను పక్కన కూర్చుంటే చూపు ఆనక నా చొక్కా చెయ్యి తడిమి, ఈ కుట్టు ఎవడేశాడో గానీ పనికిరాదని తీర్పు చెప్పింది. తర్వాత అన్నం కావాలని అడిగింది. వాళ్ళందరినీ విసిగిస్తూ, సాధిస్తూ మరో రెండు వేసవులు బతికింది. పోయినప్పుడు నేను పరీక్షల పనిలో ఉన్నాను, కడచూపు దక్కలేదు.

ఆమె నాకు ఓపిక నేర్పిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఓపిక మా అమ్మకు ఉంది, దానితో ఆమె రాతి మీద కంచాలు పెట్టింది. నరసమ్మత్త నాకు ఇచ్చింది పంతం. దాన్ని మనసులో కుళ్ళిపోనివ్వకుండా రోజూ చేతుల్లోకి దించుకునే అలవాటు. మొన్న లోకమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో నాకూ జ్వరం వచ్చి, పిల్లలు నన్ను ఒక గదిలో పెట్టారు. వాళ్ళు ఫోను ఇచ్చారు, టీవీ పెట్టారు. నేను సూదీ దారమూ పాత పంచెలూ అడిగాను. తలుపు అవతల నా మనవరాలు నవ్వడం వినిపించింది, మర్నాడు తను కూడా ఒక గుడ్డ తెచ్చుకుని తలుపుకు అటువైపు కూర్చుని, ఎలా కుట్టాలో చెప్పమంది.

జ్వరం తగ్గాక ఎక్స్‌రే తీశారు. కుర్ర డాక్టరు దాన్ని చూసి, కుడివైపు పైన ఉన్న తెల్లటి మచ్చ మీద పెన్ను పెట్టి, ఇది చాలా పాతదన్నాడు. ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళు చాలామంది మిగల్లేదండీ అన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకు పుస్తకాల తెలుగు చెప్పిన నోరు నాది. ఆ క్షణాన మాత్రం అందులోంచి ఆమె యాసే వచ్చింది.

“నానున్నాను కదేటి బాబూ” అన్నాను.